ఆగిపోయిన ముసలావిడ

ఆ ఆదివారం పొద్దున పళ్ల డాక్టరు ఒకే ఒక్క నిర్ణయం తీసుకున్నాడు: చచ్చినా నిద్రపోకూడదు. నాటకాల మాస్టారు రాసిన విషాద నాటకంలో, సరిగ్గా కథానాయకుడు ప్రాణం వదిలే ఘట్టంలో, మొదటి వరసలో కూర్చుని గురకపెట్టిన పాపానికి ఆ ప్రాణమిత్రుడితో నెలల తరబడి మాటల్లేవు. "మా ఇంటికొచ్చి నాతో ఓ స్పానిష్ సినిమా చూడు. మెలకువగా ఉంటేనే స్నేహితుడివి" అని నిన్న కబురొచ్చింది. డాక్టరుకి మరో స్నేహితుడు లేడు.

"కునుకొస్తే లేచి నిలబడండి. పరువన్నా దక్కుతుంది," అంది భార్య.

మాస్టారు ముందు పడక్కుర్చీలో, డాక్టరు వెనక సోఫాలో కూర్చున్నారు. సినిమాలో ఒక ముసలావిడ కిటికీలోంచి బయటికి చూసింది. చాలాసేపు చూసింది. కళ్లు వాలిపోతుంటే డాక్టరు అటూ ఇటూ జరిగాడు. ఆ జరగడంలో ఆయన కింద నలిగిన రిమోటు సినిమాని ఆపేసింది. అప్పుడే ఇటు తిరిగిన ముసలావిడ తెరనిండా అలాగే ఉండిపోయింది. కళంటే ఇదే కాబోలనుకున్నాడు డాక్టరు. ముందు మాస్టారి తల మెల్లగా ఊగుతోంది. మెచ్చుకుంటున్నాడని తనూ ఊపాడు.

"ఆ మౌనం గుండె పిండేస్తోందిరా!" అన్నాడు. మాస్టారి తల గుండెల మీదికి వాలింది.

కునుకు ముంచుకొస్తుంటే డాక్టరు లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాఫీ తెచ్చిన మాస్టారి భార్య విస్తుపోయింది.

"నిలబడ్డారేం అన్నయ్యగారూ?"

"ష్... ఇలాంటిదాన్ని కూర్చుని చూడకూడదమ్మా."

ఆవిడా పళ్లెంతో తలొంచుకుని నిలబడింది.

పై వాటాలోకి కొత్తగా దిగిన పిన్నిగారు సుత్తి అడగడానికి వచ్చింది. చీకటి గదిలో పెద్దావిడ బొమ్మ, ఎదురుగా తలలు వంచుకున్న మనుషులు, కుర్చీలో కూలబడ్డ మాస్టారు. ఆయన తల్లిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. నోట కొంగు కుక్కుకుని వెనక్కి తిరిగింది. కాసేపటికల్లా, మాస్టారి తల్లి పోయిందన్న ఆవిడ మాట విని, అన్ని వాటాలవాళ్లూ తలలొంచుకుని గదిలో ఉన్నారు.

ఎవరో మాస్టారి భుజం మీద చెయ్యేశారు. "అమ్మగారు ఎప్పుడు పోయారు బాబూ?"

మాస్టారు ఉలిక్కిపడి లేచాడు. "అమ్మా!" అని పెట్టిన కేక అతని నాటకాల్లో ఏ నటుడూ పెట్టలేదు. గదంతా గొల్లుమంది.

లోపలి గదిలోంచి తల్లి వచ్చింది. "ఏంట్రా ఆ అరుపులు? కాస్త నడుం వాల్చనివ్వరా?"

జనం వచ్చిన దారినే జారుకున్నారు. పిన్నిగారు సుత్తి మాటెత్తలేదు.

సోఫా మీద రిమోటు దొరికింది. "ఎప్పుడాగిందిరా ఇది?" అన్నాడు మాస్టారు, గొంతు పెంచి.

"ఏమో. నువ్వు తలూపుతుంటే నేనూ చూస్తూనే ఉన్నా."

"తలూపడమా? ఆయన కూర్చుని నిద్రపోతే అలాగే ఊగుతారు అన్నయ్యగారూ," అంది మాస్టారి భార్య.

మాస్టారి ముఖం కందగడ్డైంది. డాక్టరుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "పోనీలేరా, నువ్వు గురకన్నా పెట్టలేదు," అన్నాడు. మాస్టారు ఆపుకోలేక నవ్వేశాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసే సినిమా చూస్తారు. దిళ్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు.