శిక్షణ లేని చప్పట్లు

ఆ రోజు పొద్దున చప్పట్ల మేస్త్రీ అనుకున్న పని చాలా చిన్నది. జనాన్ని వ్యాన్లలో ఎక్కించాలి, టౌన్‌హాల్లో కూర్చోబెట్టాలి, మాజీ మంత్రిగారి ప్రసంగంలో చప్పట్లు పడాల్సిన చోట పడేలా చూడాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. సభలకు మనుషుల్ని తోలుకెళ్లడమే అతని వృత్తి. మామగారికి మాత్రం పెళ్లికి ముందు "రాజకీయాల్లో ఉన్నానండీ" అని చెప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి పాపం నమ్మాడు.

అనుకోకుండా వచ్చిపడింది జలుబు. లేస్తూనే ముక్కు దిబ్బడ, కళ్ల వెంట నీళ్లు, తుమ్ము మీద తుమ్ము.

"ఈ పూటకి మానేయండి. మీరు లేకపోతే జనం చప్పట్లు కొట్టలేరా ఏంటి?" అంది భార్య.

"కొడతారు. ఎక్కడ పడితే అక్కడ కొడతారు. మరి నేనున్నది ఎందుకు?" అన్నాడు మేస్త్రీ, మనసు నొచ్చుకుని.

నిజానికి అది మానేసే రోజు కాదు. మాజీగారు ఒకప్పుడు సైకిల్ మీద వీధి వీధీ తిరిగి గెలిచిన మనిషి. అప్పట్లో ఆయన మాట్లాడతాడంటే జనం పనులు మానుకుని వచ్చేవారు. తర్వాత మంత్రి అయ్యాడు. సైకిల్ పోయి కారు వచ్చింది, కారు అద్దాలు నల్లబడ్డాయి, ఆ అద్దాలు దించడం ఆయన మరిచిపోయాడు. పదవి పోయి అద్దం దించి చూసేసరికి బయట ఎవరూ లేరు. అప్పటినుంచీ మేస్త్రీయే ఆయనకు జనం.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈయనకు ఇంకా పలుకుబడి ఉందో లేదో చూసి రమ్మని పార్టీ ఒక పరిశీలకురాలిని పంపింది. ఫోన్లో మాజీగారు మొహమాటం లేకుండా చెప్పాడు. "ఆవిడ తల అడ్డంగా ఊపిందంటే నాకు సీటు లేదు మేస్త్రీ. నా పని అయిపోయిందంటే నీ పనీ అయిపోయినట్టే." మేస్త్రీకి చప్పట్లు కొట్టించడం తప్ప మరో పని రాదు. కాబట్టి ముక్కు తుడుచుకుని బయల్దేరాడు.

వ్యాన్ ఎక్కే ముందు జనానికి ఎప్పటిలాగే నియమాలు చెప్పాడు. "నేను కర్చీఫ్ తీశానంటే చప్పట్లు. నెత్తిన చెయ్యి పెట్టుకున్నానంటే 'వర్ధిల్లాలి' అని అరవాలి. కళ్లు నా మీదే ఉండాలి. ప్రసంగం మాత్రం ఎవ్వరూ వినకూడదు." ఈ చివరి నియమం అనుభవం మీద పెట్టింది. వెనకటికి ఒక సభలో కొందరు విని, నవ్వారు.

ఒక మనిషి తక్కువైతే భార్యే మంచి చీర కట్టుకుని వ్యాన్ ఎక్కింది. "నాకూ కూలీ ఇస్తారా?" అంది.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు మేస్త్రీ.

టౌన్‌హాల్లో ఎన్నాళ్లుగానో దులపని తెరలను సభ కోసమని అప్పుడే దులిపారు. మేస్త్రీ వేదిక పక్కన, తన జనానికి ఎదురుగా నిలబడ్డాడు. ముందు వరసలో కళ్లద్దాల పరిశీలకురాలు. వేదిక మీద మాజీగారు, ఆయన పక్కన బావమరిది. మాజీగారు కాగితం విప్పి గొంతు పెంచాడు.

"ఎదుటి పార్టీ వాళ్లు ఏమంటున్నారు? నేను కట్టించిన వంతెన మొదటి వానకే కూలిపోయిందంటున్నారు!"

అని, దాన్ని ఖండించడానికి ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రీకి తుమ్మొచ్చింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి కర్చీఫ్ తీసింది. హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

మాజీగారు మేస్త్రీని కొరకొర చూసి సర్దుకోబోయాడు. "కూలిన మాట నిజమే..."

మళ్లీ తుమ్ము. మళ్లీ చప్పట్లు. ఆ తర్వాత రావాల్సిన 'కానీ' ఎవరికీ వినపడలేదు. కొంప మునిగిందని మేస్త్రీకి అర్థమైపోయింది. పాపం, కొంప మునిగినవాడు ఏం చేస్తాడు? నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"వర్ధిల్లాలి! వర్ధిల్లాలి!" అని జనం గొంతు చించుకున్నారు. వర్ధిల్లాల్సింది నాయకుడో, కూలిన వంతెనో ఎవరూ ఆలోచించలేదు.

పరిశీలకురాలు కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. మాజీగారు అది చూశాడు. ఇన్నేళ్ల రాజకీయంలో ఆయనకు బాగా అబ్బిన విద్య ఒక్కటే, చప్పట్లు ఎటుంటే అటు నడవడం. కాగితం మడిచి పక్కన పెట్టేశాడు.

"ఆ కాంట్రాక్టు ఇచ్చింది ఎవరికో కాదు, మా బావమరిదికే!"

తుమ్ము. చప్పట్లు. తనను మెచ్చుకుంటున్నారనుకుని సగం లేచి దండం పెట్టబోయిన బావమరిది మధ్యలోనే ఆగిపోయాడు. "బావా, ఆ ముక్క కాగితంలో లేదు కదా!" అన్నాడు రహస్యంగా. మైకు తన ముందే ఉందని చూసుకోలేదు. ఇంకో తుమ్ముతో దానికీ చప్పట్లు పడ్డాయి.

మేస్త్రీ కర్చీఫ్‌ను జేబు అడుగుకు కుక్కేసి ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. మొగుడి అవస్థ చూడలేక భార్య లేచి వచ్చి, సంచిలోంచి తువ్వాలు తీసి చేతిలో పెట్టింది. కర్చీఫ్ అంత పెద్దదయ్యేసరికి జనం లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ ఊపులో మాజీగారు ఫైలు చదవకుండా సంతకం పెట్టిన సంగతి, వంతెన కూలిన రోజు ఊళ్లోనే ఉండి లేనని చెప్పించిన సంగతి కూడా ఒప్పేసుకున్నాడు. చెప్పేకొద్దీ ఆయన మొహం తేటపడింది.

ఈ గోల విని వీధిలో పోయేవాళ్లు లోపలికి తొంగిచూశారు. తలుపుల దగ్గర గుంపు చేరింది. వీళ్లు మేస్త్రీ మనుషులు కారు కాబట్టి ప్రసంగం వింటున్నారు. వాళ్లలోంచి ఆస్పత్రి నర్సు ఒకావిడ ముందుకొచ్చింది.

"ఆ వంతెన లేక రోజూ ఊరంతా చుట్టుకుని డ్యూటీకి పోతున్నానండీ. కొత్తది ఎప్పుడు కడతారు?"

మాజీగారు మడిచిన కాగితం వంక చూశాడు. బావమరిది వంక చూశాడు. చివరికి ఆవిడనే చూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "కనుక్కుని రేపు మీ వీధికి నేనే వచ్చి చెప్తాను. తిట్టాలనుంటే అప్పుడు తిట్టండి."

అప్పటికి మేస్త్రీ ముక్కు కాస్త తెరుచుకుంది. తువ్వాలు భుజం మీదే ఉంది. అతని జనం కళ్లు అతని మీదే పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. అయినా చప్పట్లు మొదలయ్యాయి. తలుపుల దగ్గర నర్సు మొదలుపెట్టింది, పక్కన ఒక ముసలాయన ఆలస్యంగా అందుకున్నాడు, ఎవరో మధ్యలో ఆపి మళ్లీ కొట్టారు. వరస లేదు, తాళం లేదు. మేస్త్రీ చెవికి అది ఘోరంగా వినిపించింది. ఇలాంటి చప్పట్లు ఈ మనిషికి పడి ఎన్నేళ్లయిందో అనుకునేసరికి మేస్త్రీకి ఏడుపొచ్చింది. చూస్తే తన జనం మధ్య భార్య కూడా సైగ లేకుండానే కొడుతోంది.

పరిశీలకురాలు తల నిలువుగా ఊపి వెళ్లిపోయింది. మాజీగారు మేస్త్రీని కౌగలించుకున్నంత పని చేశాడు.

"అయ్యగారూ, అది జలుబండీ," అన్నాడు మేస్త్రీ, తప్పు తన మీద లేకుండా చూసుకోవాలని.

"ఏదైతేనేం! సీటు ఖాయమైంది. ఇక నాకు కూలి జనం అక్కర్లేదు మేస్త్రీ. వచ్చేవాళ్లే వస్తారు. నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో."

ఆయన పని నిలబడింది, మేస్త్రీ పని పోయింది. నాలుగు రోజులు గోడకు జారగిలబడి కూర్చున్నాడు. ఐదో రోజు భార్య చెప్పులేసుకుంటుంటే, "ఎక్కడికే?" అన్నాడు.

"మాజీగారు మన వీధికి వచ్చారట. కుళాయి సంగతి అడగాలి."

"కూలీ ఎంతిస్తారు?"

"అడగడానికి కూలీ ఏంటండీ!" అని వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే ఇటు గుమ్మం ముందు నల్ల అద్దాల కారు ఆగింది. ఎదుటి పార్టీ నాయకుడు దిగి, అటూ ఇటూ చూసి గబుక్కున లోపలికొచ్చాడు.

"మేస్త్రీ, నేనూ తప్పులు ఒప్పుకుందామనుకుంటున్నానయ్యా. మొన్నటి ఆ సభలాగే జరగాలి. జనం కావాలి."

మేస్త్రీ లేచి చొక్కా సర్దుకున్నాడు. "చేసిన తప్పులా సార్, రాయించుకున్నవా?"

"చేసినవి చెప్తే లోపలేస్తారు కదయ్యా! చిన్నవి ఓ రెండు మంచి రైటర్ చేత రాయించాను. మధ్యలో గొంతు కూడా పూడుకుపోతుంది."

"ఆ చోట తలుపుల దగ్గర నిలబడేవాళ్లు కూడా ఉండాలి సార్. కొంచెం ముందూ వెనకా కొట్టేవాళ్లు. వాళ్లని తయారు చెయ్యడానికి టైం పడుతుంది."

ఆ నాయకుడి వెనకాలే ఇదే పని మీద ఇంకో ఇద్దరు నాయకులు వచ్చారు. నాయకత్వం మళ్లీ బాగుపడుతుందంటావా అని ఎవరైనా అడిగితే, మేస్త్రీ ఇప్పుడు తడుముకోకుండా బాగుపడుతుందనే చెబుతాడు. ఎన్నికలయ్యేదాకా అతనికి ఒక్క పూట ఖాళీ లేదు.