కంగారు లేని వార్డు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంగారు అన్నది ఈ క్షణం నుంచి రద్దయిందని ఆరోగ్య మంత్రిగారు పసిపిల్లల వార్డు గుమ్మంలో నిలబడి ప్రకటించారు. మశూచిని తరిమెయ్యడానికి మహామహులకు తరాలు పట్టింది. మంత్రిగారు కంగారును చెప్పులు విప్పేలోపల తరిమేశారు. ఇలాంటి నాయకుడు దొరకడం మన అదృష్టమని చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారే అన్నారు. ఒకరు ముందు అని ఇంకొకరు వెనకపడితే బాగుండదు కదా.

అసలు జరిగిందేమిటంటే, ఆ గుమ్మం మీద ‘కంగారు సంరక్షణ విభాగం’ అని ఒక బోర్డుంది. కంగారూ అంటే పిల్లను పొట్ట సంచిలో పెట్టుకు తిరిగే జంతువు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను కూడా అలాగే తల్లో తండ్రో చొక్కా లేని ఛాతీకి ఆనించుకుని, పైన గుడ్డ కట్టుకుంటే, ఆ ఒంటి వేడికి పిల్ల నిలదొక్కుకుంటుంది. అందుకని డాక్టర్లు ఈ పద్ధతికి ఆ జంతువు పేరు పెట్టారు. బోర్డు రాసినవాడు చోటు చాలక చివరి దీర్ఘం మింగేశాడు.

మంత్రిగారు బోర్డు చదివి ఎర్రబడ్డారు.

“ఏమయ్యా, నా శాఖలో జనాలకి కంగారా? దానికి బోర్డొకటా? పైగా సంరక్షిస్తున్నారా?”

సూపరింటెండెంటు ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ మంత్రి మాటా దిద్దని మనిషి. “పొరపాటేనండి,” అన్నాడు.

“ఎప్పట్నుంచి సంరక్షిస్తున్నారు?”

“గత ప్రభుత్వం నుంచండి.”

“అనుకున్నాను,” అన్నారు మంత్రిగారు. రద్దు ప్రకటన అప్పుడే వెలువడింది.

ఏడో నంబరు మంచం మీద కూర్చున్న పాప నాన్న ఇదంతా విన్నాడు. ఆసుపత్రిలో కాలు పెట్టగానే మనుషుల పేర్లు పోతాయి. బయట అతనికి ఇస్త్రీ కొట్టుంది, పేరూ ఉంది. ఇక్కడ మాత్రం ఆయా దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరికీ పాప నాన్నే. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి ఒళ్లు పొంగేది, పైకి చెప్పుకోలేదంతే. పాప కిలో ఆరువందల యాభై గ్రాములతో పుట్టింది. రెండు కిలోలైతే ఇంటికి పంపిస్తామని పెద్ద నర్సు చెప్పింది. పాప అమ్మకు ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం. అందుకని పగలంతా పాప ఇతని ఛాతీ మీదే. వార్డులో వేడినిచ్చే యంత్రాలు మూడున్నాయి. ఒకటి పనిచేస్తుంది, ఒకటి పనిచేసేలా కనిపిస్తుంది, ఒకటి మంత్రిగారు ప్రారంభించింది. పనిచేసే దాంట్లో అప్పటికే ఇద్దరు పిల్లలున్నారు.

మంత్రిగారు ఇతని దగ్గరికొచ్చి ఆగారు. “పాపం, ఇతనికి చొక్కా కూడా లేదా? తండ్రులందరికీ చొక్కాలివ్వండి,” అన్నారు. తర్వాత పాప నెత్తి మీద చెయ్యిపెట్టి, కెమెరాలు సర్దుకునేదాకా ఆగి, “చల్లగా ఉండు తల్లీ,” అని దీవించారు.

మూడో రోజుకల్లా ఉత్తర్వూ వచ్చింది, ఉత్తర్వు వెనకే అధికారీ వచ్చాడు. కంగారు నిర్మూలన ప్రత్యేకాధికారి. అంతకుముందు చేపల శాఖలో చేశాడు. అక్కడ కూడా ఏ చేపా కంగారు పడినట్టు ఫిర్యాదు రాలేదట. వార్డు మధ్యలో బల్ల వేయించుకుని, పూటకొకసారి తల్లిదండ్రులను వరసలో నిలబెట్టి, ఫారం నింపించేవాడు.

“కంగారుగా ఉందా?”

“పాప బరువు పెరగట్లేదు సార్...”

“అడిగింది పాప గురించి కాదు. కంగారుగా ఉందా, లేదా?”

“లేదు సార్.”

“మరి చెయ్యి వణుకుతోందేం?”

“చలికి సార్.”

“చలైతే పర్లేదు. సంతకం పెట్టు.”

చలి నిజంగానే ఉంది. మంత్రిగారి దీవెన పర్యటన మినిట్స్‌లోకి ఎక్కింది. ‘ఏడో నంబరు శిశువు చల్లగా ఉండవలెను’ అని టైపయింది. ఒక్క శిశువును చల్లగా ఉంచి మిగతావాళ్లను ఉంచకపోతే పక్షపాతమవుతుందని వార్డంతటికీ రెండు ఏసీలు బిగించారు. ఏళ్ల తరబడి ఒక్క బల్బు మార్చని ఆసుపత్రిలో ఏసీలు ఒక్క పూటలో గోడెక్కాయి. ప్రభుత్వం తలుచుకుంటే ఏమైనా చెయ్యగలదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పెద్ద నర్సు బల్ల దగ్గరికెళ్లింది. “సార్, ఈ చలికి నెలల తక్కువ పిల్లలు ఆగలేరు.”

“సిస్టర్, మంత్రిగారి దీవెన పనికిరాదని రాసిస్తారా?”

“దీవెన్ని నేనేమీ అనట్లేదు సార్. చల్లగా ఉండమంటే సుఖంగా ఉండమని.”

“అర్థాలు తీసే అధికారం మీకెవరిచ్చారు? ఫైల్లో ‘చల్లగా’ అనుంది. ఇంకో సంగతి, ఛాతీ మీద పెట్టుకునే ఆ కంగారు పద్ధతి కూడా రద్దే. పిల్లలు ఎవరి మంచం మీద వాళ్లు పడుకోవాలి. తండ్రులు చొక్కాలు తొడుక్కోవాలి.”

చొక్కాలు వచ్చాయి. వెనకా ముందూ మంత్రిగారు నవ్వుతున్నారు. బట్ట సంగతి మాత్రం వేళ్లకి తగలగానే పాప నాన్నకి తెలిసిపోయింది. ఇస్త్రీపెట్టె ఆనిస్తే అంటుకుపోయే రకం.

రెండు రోజుల్లో పాప నలభై గ్రాములు తగ్గింది. పాప అమ్మ జ్వరంతోనే గోడ పట్టుకుని పై అంతస్తు నుంచి దిగి వచ్చింది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి పాప పాదాలు ముట్టుకుంది.

“ఏమండీ, మీరసలు దీన్ని ముట్టుకుని చూశారా?”

“చూశాను.”

“చూసి ఆ బొమ్మ చొక్కా వేసుకుని కూర్చున్నారా?”

“ఎత్తుకుంటే బయటికి పంపేస్తానంటున్నాడు ఆ చేపలాయన.”

“బయట ఎండగానైనా ఉంది కదండీ!”

అతనికి సిగ్గేసింది, భయమూ వేసింది. ఆ భయాన్ని ఏ ఫారంలో రాయాలో తెలియలేదు. పదేళ్లుగా వేడితో బతికే మనిషి తను. ఏ బట్టకి ఎంత వేడి కావాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సొంత కూతురు కళ్లముందే చల్లబడుతుంటే ఎదుట కూర్చుని చలికి సంతకాలు పెడుతున్నాడు. ఇంత పెద్ద ఆసుపత్రిలో వెచ్చగా ఉండే చోటెక్కడని ఆలోచించాడు. ఆలోచించడానికి ఎంతో సేపు పట్టలేదు. వెనక వరండా చివర లాండ్రీ ఉంది. అక్కడ దుప్పట్లు ఆరబెట్టే యంత్రాలు పొద్దస్తమానం తిరుగుతుంటాయి.

పెద్ద నర్సును అడిగాడు. ఆమె అటూ ఇటూ చూసింది. “నేను వినలేదు నాయనా,” అంది. పావుగంట తర్వాత పిల్లలను తూచే కాటా చంకలో పెట్టుకుని లాండ్రీలోకి ఆమే వచ్చింది. “ఇది రిపేరుకి పంపానని రాశాను. ఆ చొక్కా విప్పు ముందు.”

వారం తిరిగేసరికి వార్డులో తొమ్మిది కుటుంబాలూ ఉతికిన దుప్పట్ల మధ్యకి చేరాయి. తండ్రులు గోడకానుకుని వరసగా కూర్చునేవారు, ఛాతీల మీద గుప్పెడేసి పిల్లలు. పాప అమ్మ జ్వరం తగ్గాక వంతు తీసుకుంది. మొదటిసారి పాపను ఛాతీకి కట్టుకున్నప్పుడు, “ఎంత బుజ్జి గుండెండీ, గబగబా కొట్టుకుంటోంది,” అని ఏడ్చింది. కుట్లు నొప్పి పెడతాయేమోనని మెల్లిగా ఏడ్చింది. పాప రోజుకి పదిహేను గ్రాములు, ఇరవై గ్రాములు ఎక్కుతూ వచ్చింది. పెద్ద నర్సు రిజిస్టర్లో పేర్లు వార్డులోనే ఉంచి, మందులు కొంగుచాటున తెచ్చేది.

వార్డు ఖాళీ అయిందని అధికారి కనిపెట్టకపోలేదు. కనిపెట్టి పొంగిపోయాడు. మూడు పూటలా కంగారు పడినవారి సంఖ్య సున్నా. ఈ లెక్క పైకి పంపగానే దేశంలోనే తొలి కంగారు రహిత వార్డును లోకానికి అంకితం చెయ్యడానికి మంత్రిగారు బయల్దేరారు.

“పిల్లలెక్కడున్నారో చూసి పిలిపిద్దామా?” అన్నాడు సూపరింటెండెంటు.

“పిలిపిస్తే ఏడవరూ?” అన్నాడు అధికారి.

ఏడవరని హామీ ఇచ్చేవాళ్లెవరూ లేరు. అందుకని స్టోర్ నుంచి తొమ్మిది దిండ్లు తెప్పించి, తెల్లగుడ్డల్లో చుట్టి, పైన టోపీలు పెట్టారు. నర్సింగు నేర్చుకునే అమ్మాయిలు తల్లులై పక్కన కూర్చున్నారు. మంత్రిగారు లోపలికొచ్చి చెవులు రిక్కించారు. ఏసీల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఆహా! ఒక్క ఏడుపుందా? పాలన అంటే ఇదయ్యా.”

ఏడో మంచం మీది మూటను రెండు చేతులా ఎత్తుకున్నారు. “పదిహేను రోజుల కింద నేను దీవించిన పాపే కదూ? ఎంత బుద్ధిగా ఉందో! బరువెంత?”

“మూడు కిలోలండి,” అన్నాడు అధికారి.

“నేను ఎత్తగానే అదే అనుకున్నాను. ఇంకా ఆసుపత్రిలో ఎందుకు? ఇంటికి పంపించండి.”

అక్కడికక్కడే డిశ్చార్జి కార్డు మీద మంత్రిగారు సంతకం చేశారు. చప్పట్లు వెనక లాండ్రీ దాకా వినిపించాయి. పాప ఉలిక్కిపడి, మళ్లీ కళ్లు మూసుకుంది.

మర్నాడు పెద్ద నర్సుకు బదిలీ వచ్చింది. సమర్థులైన నర్సులు ఇంకా కంగారున్న ఊళ్లకు అవసరమట. మందులు తెచ్చే మనిషి లేక, పాప నాన్న పాపను ఛాతీకి కట్టుకుని రికార్డుల గుమాస్తా కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“ఏడో నంబరు పాపకి చుక్కల మందు రాసివ్వండి సార్.”

గుమాస్తా రిజిస్టరు తిప్పాడు. “ఏడో నంబరు డిశ్చార్జి అయిపోయిందిగా. మంత్రిగారి చేతుల మీదుగా. మూడు కిలోలు.”

“లేదు సార్, పాప ఇదుగో. కిలో ఏడువందల ఎనభై.”

గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి పాపను చూశాడు. పక్కనే ఉన్న పేపర్లో మంత్రిగారు పాపను ఎత్తుకున్న ఫోటో చూశాడు. మళ్లీ పాపను చూశాడు.

“ఈ పాప కాదు. నీకెంతమంది పుట్టారు?”

“ఒక్కతే సార్.”

“ఆ ఒక్కతీ శుభ్రంగా ఇంటికెళ్లింది. మరి ఈమె ఎవరు?”

“సార్, వాళ్లు ఎత్తుకుంది దిండు సార్!”

గుమాస్తా గబుక్కున చుట్టూ చూశాడు. చెడ్డవాడేం కాదు, అతనికీ ఇంటి దగ్గర పిల్లలున్నారు. గొంతు తగ్గించాడు.

“ఆ మాట ఇంకెక్కడా అనకు. మంత్రిగారి సంతకం కొట్టెయ్యడం నా తరం కాదు, సూపరింటెండెంటు తరమూ కాదు. ఒక్కటే దారుంది. దిక్కులేని పిల్ల దొరికిందని రాస్తాను. అలాంటి పిల్లలకి వేడి యంత్రంలో ముందు చోటివ్వాలని పాత రూలుంది, ఎవరూ రద్దు చెయ్యలేదు. మందులూ వస్తాయి, రోజూ తూస్తారు. రెండు కిలోలయ్యేదాకా ఎవరూ కదిలించరు. కానీ అమ్మా నాన్నా ఉన్నారని తేలితే చెల్లదు.”

గుమాస్తా కొత్త ఫారం తీసి, తేదీ వేసి, పెన్ను ఆపి తలెత్తాడు.

“అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఈ పాప నీకేమవుతుంది?”

గుడ్డ కింద పాప పాదాలు రెండూ అతని అరచేతిలో ఉన్నాయి. వెచ్చగానే ఉన్నాయి.

“ఏమీ కాదు సార్,” అన్నాడు.