నడక నేర్చిన వాషింగ్ మిషన్

ఆ రోజు డ్రైవరమ్మకి సెలవు. వారమంతా సిటీ బస్సు నడిపి నడుము పట్టేసిన మనిషి కాబట్టి, పొద్దున్నే బట్టలు మిషన్‌లో పడేసి మధ్యాహ్నం దాకా మంచం దిగకూడదని తీర్మానించుకుంది.

మిషన్ కొత్తదే. కొన్న నెలలోపే దానికి నడక వచ్చింది. బట్టలు పిండే సమయానికి గడగడలాడుతూ వెనక వరండా అంతా షికారు చేసేది. ఫిర్యాదు చేస్తే మెకానిక్ వచ్చాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు అది కదలకుండా దానిమీద కూర్చుని పేపరు చదువుకుంటోంది. "బుద్ధిగానే ఉందిగా! కదిలిందంటే మీ నేలదే తప్పు" అని అతను వెళ్లిపోయాడు. షాపు మేనేజరయితే, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీదే అచ్చేశామంటూ చేతులు దులుపుకున్నాడు.

ఆ పొద్దున అత్తగారు వంటింట్లో ఉండటంతో మిషన్‌కి పగ్గాలు తెగాయి. తిన్నగా వెళ్లి బాత్రూం తలుపుకీ ఎదురు గోడకీ మధ్య బిగుసుకుపోయింది. తలుపేమో బయటికి తెరుచుకునేది. లోపల డ్రైవరమ్మ భర్త ఉన్నాడు. తోసినా లాగినా మిషన్ కదలకపోయేసరికి ఆమె షాపుకి ఫోన్ చేసింది.

"మీ మిషన్ వల్ల మా ఆయన లోపల ఇరుక్కుపోయారండీ!"

అవతల ఫోనెత్తిన అమ్మాయి కెవ్వుమంది. "లోపలా! ఊపిరాడుతోందా మేడమ్?"

"భేషుగ్గా. అరుస్తున్నారు కూడా."

"మీరేం ముట్టుకోకండి! ఇప్పుడే మనుషుల్ని పంపిస్తున్నాం!"

ఆ షాపు నుంచి ఇంత మర్యాద ఎన్నడూ ఎరగని డ్రైవరమ్మ ముచ్చటపడిపోయింది.

కాసేపటికి గంట మోగించుకుంటూ ఫైరింజన్ వచ్చింది. దాని వెనకే వీధంతా వచ్చింది. ఫైరాఫీసరు మిషన్ మూత ఎత్తగానే తడి చొక్కా చెయ్యొకటి బయటికి వేలాడింది. "బంగారంలాంటి మనిషి! గిరగిరా తిరిగి తిరిగి పోయాడా!" అని పక్కింటి పిన్ని గావుకేక పెట్టింది.

"పోలేదు పిన్నీ! బాత్రూంలో ఉన్నా!" అని తలుపు వెనక నుంచి జవాబొచ్చింది.

ఫైర్ సిబ్బంది మిషన్ని లాగి యథాస్థానంలో పెట్టారు. భర్త తువ్వాలు చుట్టుకుని వీధి మొత్తానికి దర్శనమిచ్చాడు. అప్పుడే రొప్పుతూ వచ్చిన మేనేజరుకి, బతికున్న మనిషిని చూడగానే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాంతోపాటు పొగరూ తిరిగొచ్చింది.

"ఉత్త పుణ్యానికి ఇంత గోల చేస్తారా? మిషన్ లక్షణంగా ఉంది. నేల ఎంత వాలుగా ఉందో నీళ్లు పోసి చూపిస్తా ఉండండి" అంటూ చెంబు కోసం బాత్రూంలోకి దూరాడు. అక్కణ్ణుంచే కేక వేశాడు. "ఆన్ చెయ్యండమ్మా! అంగుళం కదిలితే నా పేరు మార్చుకుంటా!"

పెద్దమనిషి అడిగాడు కదా అని అత్తగారు స్విచ్ వేసింది. మిషన్ ఒకసారి ఒళ్లు విరుచుకుని బయల్దేరింది. దారిలో తలుపుని ధడాలున మూసి, మళ్లీ అక్కడే బిగుసుకుంది.

"తియ్యండి! ఎవరైనా తియ్యండి!"

ఫైరాఫీసరు ముందుకు అడుగేయబోతే డ్రైవరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. బస్సు వెనక సీటు దాకా వినిపించే గొంతుతో అడిగింది. "మీరు అచ్చేసుకున్నదల్లా చట్టం కాదు మేనేజరుగారూ. లోపమున్న సరుకు అంటగడితే మీరే దిద్దుకోవాలి. మారుస్తారా, వినియోగదారుల కోర్టులో కలుద్దామా?"

"నేను కళ్లారా చూశాను. సాక్ష్యం నాది" అన్నాడు ఫైరాఫీసరు.

"నాది కూడా!" అంది పిన్ని. వెనక నుంచి వీధంతా వంత పాడింది.

"మారుస్తానమ్మా, మారుస్తాను!"

"గట్టిగా చెప్పండి. గేటు దగ్గరున్నవాళ్లకి వినపళ్లేదు."

"కొత్తది! వేరే కంపెనీది! మా ఖర్చుతోనే తెచ్చి బిగిస్తాం!"

చప్పట్లతో వరండా దద్దరిల్లింది. డ్రైవరమ్మ తలపంకించాకే సిబ్బంది మిషన్ మీద చెయ్యి వేశారు. అదే మిషన్ని మేనేజరు స్వయంగా ఒక పక్క పట్టుకుని గేటు దాటించాడు. ఆమె వెళ్లి మంచమెక్కి, గెలిచిన మనిషిలా నిద్రపోయింది.

కొత్త మిషన్ వచ్చేదాకా బట్టలెవరు ఉతకాలన్న విషయంలో మాత్రం ఆమె భర్తకి ఏ చట్టమూ అక్కరకు రాలేదు.