వోల్కార్ గారి రేవు

సోమయ్యలంకకి వంతెన లేకపోవడం లోపం కాదనీ, అదొక ప్రపంచస్థాయి సౌకర్యమనీ, ఆ సంగతి ఇన్నాళ్ళూ మనం గుర్తించకపోవడమే అసలు లోపమనీ శాసనసభ్యులు శ్రీ గణేష్‌బాబు గారు మంగళవారం ఉదయం రేవు ఒడ్డున షామియానా కింద ప్రకటించారు. చప్పట్లు మోగాయి. గోదారి దాటించే పంటు ఆ సమయానికి అవతలి ఒడ్డున ఆగిపోవడంతో లంకవాళ్ళెవరూ సభకి రాలేకపోయారు. అందువల్ల సభ ఎంతో ప్రశాంతంగా జరిగింది.

వేదిక మీద ఎమ్మెల్యే గారి కుడిపక్క కుర్చీలో అశోక్ కూర్చున్నాడు. అంతకు వారం ముందు వరకూ అతను రావులపాలెంలో సెల్‌ఫోన్లు రిపేరు చేసుకునే మామూలు మనిషి. వేదికలెక్కే వంశం కాదు. తండ్రి వల వేసేవాడు, తల్లి వీరమ్మ ఈనాటికీ చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని రోజూ పంటెక్కి ఇవతలికొచ్చి అమ్ముకుంటుంది. అలాంటివాడికి ఆ కుర్చీ ఎలా దక్కిందో చెప్పాలంటే ముందు వోల్కార్ గురించి చెప్పాలి.

వోల్కార్ ఒక వీడియోగేమ్‌లో హీరో. పద్దెనిమిదేళ్ళలో తొమ్మిది భాగాలొచ్చాయి. ఎనిమిది భాగాల్లో ఆయన చేసే పని ఒకటే: కత్తి దూస్తాడు, రాక్షసుల్ని నరుకుతాడు, కత్తి తుడుచుకుంటాడు. ఐదో భాగంలో మాత్రం ఆయనకి ఒక నది అడ్డొస్తుంది. దాటాలంటే పడవ రావాలి. పడవ పద్నాలుగు నిమిషాలకి గానీ రాదు. ఉత్తుత్తి నిమిషాలు కావు, గోడగడియారం నిమిషాలే. ముందుకి తోసేయడానికి బటన్ కూడా లేదు. ప్రపంచమంతా ఆ భాగాన్ని దుమ్మెత్తిపోసింది. "ఇది యాక్షన్ గేమా, బస్టాండా?" అని ఎవరో రాస్తే నలభైవేల మంది లైకులు కొట్టారు.

అశోక్ ఒక్కడే ఆరేళ్ళుగా ఐదో భాగం తరఫున నిలబడ్డాడు. 'ఐదో భాగాన్ని తిట్టేముందు ఒక్క మాట' అని నలభై ఏడు నిమిషాల వీడియో చేసి పెట్టాడు. రెండువందల పన్నెండు వ్యూస్ వచ్చాయి. అందులో ముప్ఫైసార్లు చూసింది తనే.

అతని వాదన తీసిపారేసేది కాదు. రేవులో వోల్కార్ పక్కన బుట్ట పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంటుంది. పదకొండో నిమిషం దాకా నోరు విప్పదు. ఈలోగా తోచక మీరు కత్తి మీద చెయ్యి వేశారా, ఇక ఎప్పటికీ విప్పదు. ఊరికే కూర్చున్నవాడికి మాత్రం పదకొండో నిమిషంలో ఇటు తిరిగి, ఆఖరి రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో ఒక్క ముక్కలో చెబుతుంది. ఆ ముక్క వినని జనం రాక్షసుడితో రెండేసి గంటలు కొట్టుకుని, ఓడిపోయి, గేమ్‌ని తిట్టారు.

"నరకడం ఎవడైనా నరుకుతాడండి. పక్కన కూర్చున్న మనిషి నోరు విప్పేదాకా ఆగడం ఈ ఒక్క భాగంలోనే ఉందండి," అని వీడియోలో అంటున్నప్పుడు అశోక్ గొంతు వణికింది. వణకదూ మరి! రేవులో తల్లి బుట్ట పక్కన కూర్చునే అతను పెరిగాడు. ఆ ముసలమ్మని గీసిన దొర ఎవరో గానీ, మన రేవు చూసే గీశాడని అతని నమ్మకం.

ఎమ్మెల్యే గారి పీఏ చంద్రరావు పగిలిన ఫోన్ అద్దం మార్పించుకోవడానికి షాపుకొచ్చి, ఆ వీడియో చెవిన పడి, అద్దం సంగతి మర్చిపోయాడు. వంతెన విషయంలో గణేష్‌బాబు గారు అప్పటికి పద్నాలుగేళ్ళుగా కృషి చేస్తున్నారు. మూడుసార్లు శంకుస్థాపన చేశారు. మూడు శిలాఫలకాలూ రేవులో వరసగా ఉన్నాయి, పంటు కోసం వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చాలా వీలుగా ఉంటాయి. నాలుగోదానికి చోటెక్కడా అని ఆలోచిస్తున్న రోజుల్లో ఈ వీడియో దొరికింది.

సాయంత్రానికి అశోక్ ఎమ్మెల్యే గారి హాల్లో ఉన్నాడు.

"ఇంతకీ వోల్కార్ గారు ఏ పార్టీ అయ్యా?" అని అడిగారు గణేష్‌బాబు గారు.

"పార్టీ లేదండి. రాక్షసులకి వ్యతిరేకమండి."

"ఇండిపెండెంటన్నమాట. అంతటి వీరుడు రేవులో ఆగిపోతే మరి వంతెన కావాలని అడగలేదా?"

"లేదండి."

"ధర్నా చేశాడా?"

"లేదండి. ఊరికే కూర్చుంటాడండి."

గణేష్‌బాబు గారి కళ్ళు చెమర్చాయి. "పౌరుడంటే అలా ఉండాలి చంద్రరావూ," అన్నారు.

అప్పటికప్పుడు గేమ్ పెట్టించారు. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, చేతులు రెండూ పొట్ట మీద వేసుకుని కూర్చున్నారు. అయిదు నిమిషాలైంది, పదైంది. ఆయన కదల్లేదు. "కష్టంగా ఉందాండి?" అని చంద్రరావు అడిగితే నవ్వారు. "పద్నాలుగు నిమిషాలేంటయ్యా! సోమయ్యలంక వాళ్ళని పద్నాలుగేళ్ళు కూర్చోబెట్టాను. ఒక్కడంటే ఒక్కడు కత్తి తియ్యలేదు."

పదకొండో నిమిషంలో ముసలమ్మ ఇటు తిరిగి పెదవులు కదిపింది. అశోక్‌కి ఒళ్ళు జలదరించింది. ఆ మాట దాకా ఆగిన మనిషిని ఆరేళ్ళలో అతను చూడలేదు. ఆయన మీద గౌరవం ఆ క్షణంలో పుట్టింది, అబద్ధమెందుకు.

"ఏమంటోందయ్యా ఆవిడ?"

"రాక్షసుడి ప్రాణం వాడు కూర్చునే కుర్చీలో ఉందంటోందండి."

"ఎవరికైనా అక్కడేగా ఉండేది," అని ఎమ్మెల్యే గారు భోజనానికి లేచారు.

ఇదీ ఆ కుర్చీ వెనక కథ. ఇక మంగళవారం సభలో విలేకరి జయపాల్ లేచి, "సూటిగా చెప్పండి అశోక్ గారూ. మీ లంకకి వంతెన కావాలా, వద్దా?" అని అడిగాడు.

కావాలి. కిందటి వర్షాల్లో పంటు రాక తల్లి బుట్టలో చేపలు ఎన్నిసార్లు పాడయ్యాయో అతనికి వేళ్ళమీద లెక్క. కానీ అశోక్ 'గారూ' అనిపించుకోవడం పుట్టాక అదే మొదటిసారి. పైగా ప్రపంచమంతా ఎగతాళి చేసిన ఐదో భాగం గురించి మైకులో మాట్లాడమంటున్నారు. "ఐదో భాగంలో వంతెన ఉంటే ఆ ముసలమ్మ మాట మనం వినేవాళ్ళమే కాదండి," అన్నాడు. ఎమ్మెల్యే గారు లేచి కౌగిలించుకున్నారు.

మర్నాడు పేపర్లో 'వంతెన మాకొద్దు: లంకవాసి మనోగతం' అని పడింది.

"నీ బొమ్మేశారంట కదరా," అంది వీరమ్మ అన్నం వడ్డిస్తూ. "వంతెనొద్దన్నావంట?"

"నేనన్నది గేమ్ గురించమ్మా."

"ఆళ్ళు రాసింది మన గురించి కదరా."

"నీలాంటి ఆవిడ గురించేనమ్మా నేను చెప్పింది. చాలా గొప్పగా చెప్పాను."

"ఆవిడికి నడుం నొప్పుందేంట్రా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా కూర గిన్నె దగ్గరికి లాక్కుంది.

తర్వాత అభివృద్ధి పరుగులు తీసింది. రెండు నెలల్లో రేవు ఒడ్డున 'అంతర్జాతీయ నిరీక్షణా కేంద్రం' వెలిసింది. ఏసీ హాలు, మెత్తటి సోఫాలు, గోడంత టీవీ. ఎవరైనా రావచ్చు, వోల్కార్ గారితో పాటు పడవ కోసం ఆగవచ్చు. వాసన రీత్యా చేపలబుట్టలకి మాత్రం లోపలికి అనుమతి లేదు. అశోక్‌ని గౌరవ సలహాదారుగా వేసి మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడదీశారు. ఐదో భాగానికి రెండు స్టార్లిచ్చిన ఫిన్లాండ్ దేశస్థుడెవరో ఉన్నాడని తెలిసి, రావులపాలెం సెంటర్లో కార్యకర్తలు అతని దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆయన మొహం ఎవరికీ తెలియకపోవడంతో ఎప్పటిదో ప్రతిపక్ష నాయకుడి బొమ్మే వాడారు.

అన్నిటికంటే ముందుచూపున్న నిర్ణయం పంట్ల విషయంలో తీసుకున్నారు. రెండు పంట్లు తిరగడం వల్ల నిరీక్షణ నాణ్యత దెబ్బతింటోందని నిపుణులు తేల్చారు. దాంతో ఒకదాన్ని ఒడ్డుకి లాగి రంగులేసి, కేంద్రం ముందు అలంకారంగా పెట్టారు.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్న అశోక్ తల్లితో పాటు లంక ఒడ్డున ఆగాడు. బుట్టనిండా రొయ్యలు. ఉన్న ఒక్క పంటూ అరటిగెలల ట్రాక్టర్‌తో ఎదుటి ఒడ్డుకి వెళ్ళి రెండు గంటలైనా రాలేదు. ఐసు కరిగి వీరమ్మ మెడ మీదుగా కారింది. ఎండెక్కాక ఆవిడ బుట్ట దించి ఒక రొయ్య వాసన చూసింది. నీళ్ళలోకి దిగి బుట్ట బోర్లించింది. బుట్ట కడుక్కుని, ఒక్క మాటా అనకుండా ఇంటికి నడిచింది. తిట్టినా బాగుండేది అనిపించింది అశోక్‌కి. సిగ్గుతో చచ్చిపోయాడు.

మధ్యాహ్నానికి ఎలాగో ఇవతలికొచ్చి ఎమ్మెల్యే గారి ముందు నిలబడ్డాడు. "అయ్యా, ఆ రెండో పంటు మళ్ళీ నీళ్ళలోకి దింపిస్తే..."

"వోల్కార్ గారికి రెండో పంటుందా?"

"లేదండి."

"మరి? ఇదంతా నువ్వు చెప్పిందే కదయ్యా!" అన్నారు ఆయన, నిజంగానే నొచ్చుకుని. అశోక్ ఎంత వెతికినా ఆ మాటలో తప్పు దొరకలేదు. మెడలో కార్డు సర్దుకుని వచ్చేశాడు.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా గేమ్ కంపెనీవాళ్ళు పిడుగులాంటి ప్రకటన చేశారు. ఆటగాళ్ళ ఫిర్యాదుల్ని మన్నించి ఐదో భాగానికి అప్‌డేట్ ఇస్తున్నారట. నది మీద వంతెన కట్టేశారట. ఇక ఎవరూ ఆగక్కర్లేదట. చంద్రరావు పరుగున వచ్చి ఫోన్ చూపించాడు. గణేష్‌బాబు గారు ఒక కప్పు టీ తాగినంతసేపు ఆలోచించారు.

"ఎవరు కట్టారు?"

"కంపెనీవాళ్ళండి."

"ఎవరి హయాంలో?"

చంద్రరావు మొహం వెలిగిపోయింది. "తమ హయాంలోనేనండి!"

"పంతులు గారికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించు."

శుక్రవారం మధ్యాహ్నం నిరీక్షణా కేంద్రంలో వంతెన ప్రారంభోత్సవం అతివైభవంగా జరిగింది. టీవీకి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టారు. గుమ్మడికాయ పగలగొట్టారు. కంట్రోలర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ ఉంచారు. పద్నాలుగేళ్ళనాటి హామీ నెరవేరిందని ఎమ్మెల్యే గారు రిబ్బన్ కత్తిరించి, స్వయంగా వోల్కార్ గారిని వంతెన ఎక్కించారు.

నది మధ్యకి రాగానే ఆయన ఠక్కున ఆగారు. "చిల్లర వెయ్యాలి కదయ్యా. ఏ బటన్?"

"దానికి బటన్ లేదండి," అన్నాడు అశోక్.

గోదారి దాటుతూ రూపాయి బిళ్ళ వెయ్యకపోవడం ఆయన ఇంటావంటా లేదు. జేబులోంచి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని, టీవీ మీదకి విసిరారు. అది అద్దానికి తగిలి టంగుమని కింద పడింది. వెనకనున్నవాళ్ళందరూ లేచి తలో బిళ్ళా విసిరి దణ్ణం పెట్టుకున్నారు. వోల్కార్ గారు ఇంకో అయిదు సెకన్లలో అవతలి ఒడ్డు చేరారు.

అశోక్ ఆ సంబరం చూడటం లేదు. టీవీలో వంతెన కింద ఒడ్డంతా కళ్ళతో గాలిస్తున్నాడు. రేవు మెట్లు లేవు. పడవ లేదు. ముసలమ్మ కూర్చునే చోట నున్నటి గడ్డి మొలిచి ఉంది.

గుమ్మం దగ్గర అలికిడైంది. చేపలమ్ముకుని తిరిగొస్తున్న వీరమ్మని, ఖాళీ బుట్టయినా సరే, వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. ఆవిడ బయటినుంచే తొంగి చూసింది. అశోక్ దగ్గరికి వెళ్ళాడు.

"బాగుందిరా వంతెన," అంది. "నువ్వెప్పుడూ చెప్తావే, ఆ బుట్టావిడేదిరా?"

"తీసేశారమ్మా."

"అదేంటి? ఎక్కడికెళ్తదిరా పాపం?"

"వంతెనొచ్చింది కదమ్మా. ఇక ఆవిడతో పని లేదంట."

వీరమ్మ కొడుకు మొహంలోకి చూసి, "పద, ఇంటికెళ్దాం," అంది.

అశోక్ మెడలో కార్డు తీసి వాచ్‌మన్ బల్ల మీద పెట్టి తల్లి వెనకే రేవులోకి దిగాడు. పంటు లేదు. పంటు కట్టే గుంజకి కొత్త బోర్డు వేలాడుతోంది. అశోక్ తల్లికి వినపడేలా చదివాడు: 'వంతెన ప్రారంభమైనందున నేటినుండి పంటు సర్వీసు రద్దు చేయడమైనది. ప్రజలు సహకరించగలరు.'

వీరమ్మ బుట్ట దించి రెండో శిలాఫలకం మీద కూర్చుంది. అశోక్ పక్కన కూర్చున్నాడు. అవతలి ఒడ్డున లంక కనిపిస్తోంది, అందులో వాళ్ళ ఇంటి రేకులు మెరుస్తున్నాయి. వెనక మైకులో సన్మానాలు జరుగుతున్నాయి. తప్పు నాదేనమ్మా అని చెబుదామనుకున్నాడు, ఏదో ఒకటి చేస్తానని అందామనుకున్నాడు. ఏమీ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

అయిదు నిమిషాలైంది, పదైంది.

మరో నిమిషానికి వీరమ్మ బుట్ట పక్కకి జరిపి ఇటు తిరిగింది.

"ఒరేయ్ అశోకూ," అంది. "ఎలచ్చన్లు ఎప్పుడురా?"