కొత్త కస్టమర్‌కు కండువా

తాండూరు ప్రజలకు శుభవార్త. విశ్వేశ్వర్ గారి ఇంటర్నెట్ కంపెనీలో కొత్తగా చేరేవారికి మూడు నెలలు ఫ్రీ. పైగా విశ్వేశ్వర్ గారే స్వయంగా ఇంటికొచ్చి కండువా కప్పుతారు. ఆయన ఎన్నో పార్టీల కండువాలు కప్పుకొని, చేరిన ప్రతిచోటా పదవి పొందిన నాయకుడు. ఎక్కడా పాతబడే పొరపాటు చేయలేదు. ఆ అనుభవాన్నే ఇప్పుడు వ్యాపారంలో పెట్టారు.

మా పక్కింటి బాలప్ప ఆ పొరపాటు చేశాడు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పని. కంపెనీ పెట్టిన నాటి నుంచీ కస్టమర్. కొన్నాళ్లుగా నెట్ రావడం లేదు. తెల్లారితే కూతురు మల్లికకు ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. తోడుగా నేనూ ఆఫీసుకు వెళ్లాను. మా అదృష్టం, విశ్వేశ్వర్ గారే ఉన్నారు.

"సార్, రేపు బిడ్డకు ఇంటర్వ్యూ ఉంది. జర లైన్ చూడమనుండ్రి."

"కొత్తదా, పాతదా?"

"పాతదే సార్. మొదటిసంది మీతోనే ఉన్న."

సార్ లేచి బాలప్పను కౌగిలించుకున్నారు. "నువ్వు మా ఇంటోనివే బాలప్పా! ఇంటోనికి మర్యాదలేంది? చుట్టాలకు పెట్టినంక మిగిల్తే మనం తింటం."

ఎంత గొప్ప మాట! నా కళ్లు చెమర్చాయి. బాలప్పకు మాత్రం ఒళ్లు మండింది.

"గట్లయితే నేను ఇంటోన్ని కాను సార్. పాతది కట్ చేసి కొత్తగ రాసుకోండ్రి."

సార్ ముఖం వెలిగిపోయింది. "గీ ముచ్చట ముందే చెప్పొద్దా?"

మర్నాడు పొద్దున్నే డప్పులతో వచ్చారు. బాలప్ప మెడలో కండువా, చేతిలో మిఠాయి డబ్బా, ఎదురుగా ఫొటోగ్రాఫర్. లైన్‌మన్ వేణు స్తంభం ఎక్కి దిగేలోపు నెట్ వచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఎదురింట్లో అదే కంపెనీ నెట్‌తో నడిచే కస్తూరమ్మ టీవీ ఆగిపోయి, ఆమె వేణును తిట్టడం మొదలుపెట్టింది. పాత కస్టమర్లలో సహనం తగ్గిపోతోందని సార్ బాధపడ్డారు.

ఇంటర్వ్యూ మొదలైంది. మేం కిటికీ పక్కన ఊపిరి బిగబట్టి విన్నాం. మల్లిక ఎక్కడా తడబడలేదు. బాలప్ప కండువాతోనే కళ్లు తుడుచుకున్నాడు. "మీరు ఎప్పుడు చేరగలరు?" అని అడిగే దాకా వచ్చింది.

వీధిలో మళ్లీ డప్పులు మోగాయి. తెర మీద ఆఫీసరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. "హలో సార్, హలో" అని మల్లిక అంటూనే ఉంది.

బాలప్ప బయటికి ఉరికాడు. మూలింటి ముర్తుజా మెడలో విశ్వేశ్వర్ గారు కండువా సర్దుతున్నారు. వేణు స్తంభం మీద ఉన్నాడు.

"అరే వేణూ, నా లైన్ ఎందుకు పీకినవ్‌రా? నేను కొత్త కస్టమర్‌ను గద!"

వేణు కిందికి చూసి నిజంగానే జాలిపడ్డాడు.

"పొద్దుగాల కొత్తోనివే కాకా. గిప్పుడు పాతోనివైనవ్."