గోడ మీద అభ్యంతరం

తాళాల తాత గోడను పాడుచేసింది ప్రభుత్వం. అందులో రెండో మాట లేదు.

వీధివైపు గోడ మీద ‘ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు’ అని నీలిరంగుతో రాసింది ఆయన భార్య. వంకర అక్షరాలు. చివరి అక్షరం చోటు చాలక కిందికి దిగింది. ఆమె పోయాక ఆమె చేతిరాత అంటూ మిగిలింది అదొక్కటే. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ అక్షరాల దుమ్ము తుడిచి, ఆ తర్వాతే తాళాలు బాగుచేసే కొట్టు తెరిచేవాడు. ఆ రోజూ అదే పనిమీద బయటికి వస్తే, సరిగ్గా ఆ రాత మీదే దుప్పటంత కాగితం అంటించి ఉంది. వీధి చివర కొంగలు దిగే చిత్తడి నేలను పూడ్చి ఏదో కంపెనీ గోదాములు కడుతుందట. పర్యావరణ చట్టం ప్రకారం జనం అభ్యంతరాలు చెప్పుకోవచ్చట.

పీకితే కింద రంగు కూడా ఊడొస్తుందేమోనని భయం. పైగా పీకితే జరిమానా అని ఆ కాగితంలోనే ఉంది. ఆఫీసుకు వెళ్లి తీసెయ్యమన్నాడు. రాసివ్వమన్నాడు గుమాస్తా. ‘ఈ కాగితానికి నాకు అభ్యంతరం’ అని ఒక్క ముక్క రాసిచ్చాడు. కారణం రాయలేదు. పెళ్లాం రాత కోసం వచ్చానని పరాయివాడికి చెప్పుకునే మనిషి కాదు.

వారం తిరక్కుండా దాని మీద ఇంకో కాగితం పడింది. అభ్యంతరం అందిందట, కంపెనీ జవాబిచ్చేదాకా పని ఆపారట. తాత మళ్లీ వెళ్లాడు.

“ఏమయ్యా, ఒకటి తియ్యమంటే రెండోది అంటించావా?”

“చట్టం అంతే తాతా. నోటీసు ఎక్కడుంటే జవాబూ అక్కడే అంటించాలి.”

“దానిక్కూడా నాకు అభ్యంతరమే.”

“అయితే అదీ రాసివ్వండి.”

రాసిచ్చాడు. మూడోది పడింది. వానలు పోయి ఎండలు ముదిరేసరికి గోడ మీద కాగితాలు అట్టలా మందమెక్కాయి. తనిఖీకి వచ్చినవాళ్లు బళ్లన్నీ ఆ గోడకే ఆనించారు. వద్దన్న మాట కనబడితేగా. వీధి జనం మాత్రం ఆయన కొంగల కోసం పోరాడుతున్నాడని మురిసిపోయి, కొంగల తాత అని పేరు మార్చారు. మరదలొక్కతే నమ్మలేదు.

“అక్క రాత కిందుందని వాళ్లకి చెప్పొచ్చుగా బావా.”

“నీ పని నువ్వు చూసుకో.”

చివరికి కంపెనీ జవాబులు రాయలేక విసిగి, ఊరికి అవతలున్న చెరువు మీద పడింది. అక్కడా అదే చట్టం. కాకపోతే నోటీసును ఆఫీసు లోపలి బోర్డుకు అంటించారు. ఎవరి గోడా పాడవలేదు. ఒక్క అభ్యంతరమూ రాలేదు. చెరువు పూడిపోయింది.

ఇక్కడి కాగితాలు తీసెయ్యొచ్చని కబురొచ్చింది. మరదలు గోరువెచ్చని నీళ్లు తెచ్చి, నిద్రపోతున్న పసిపిల్ల మొహం తుడిచినంత మెల్లగా తడుపుతూ ఒలిచింది. తాత చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

“ఇటు చూడు బావా.”

ఎండకూ వానకూ గోడంతా వెలిసిపోయింది. కాగితాల కింద ఆ రాత మాత్రం నిన్న రాసినట్టు నీలంగా ఉంది. కిందికి దిగిన ఆఖరి అక్షరంతో సహా. తాత చాలాసేపు తడిగుడ్డ పిండుతూనే ఉన్నాడు.

సాయంత్రం వీధివాళ్లంతా వచ్చి, సైకిళ్లు గోడకు ఆనించి, కొంగల్ని ఎలా కాపాడావో నాలుగు మాటలు చెప్పమన్నారు.

“మీకు చదవడం రాదా? ముందు సైకిళ్లు తియ్యండి. ఆ సంగతి ఇక నా దగ్గర ఎత్తొద్దు.”

తలుపేసుకున్నాడు. మళ్లీ ఎన్నడూ దాని ఊసెత్తలేదు. సైకిళ్లు ఎదుటి గోడకు మారాయి. గోడ మీద ఆవిడ రాసిపోయిన చట్టానికి ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం రాసివ్వలేదు.