బస్సు ఆనందంగా వస్తోంది

మనుషులు చేయగల పనులన్నిటిలోకీ మహత్తరమైనది, చక్కగా నడుస్తున్నదాన్ని ఆపి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం. కారే కప్పును ఎవడైనా బాగుచేయించుకుంటాడు. దానికి అవసరం ఉంటే చాలు. చుక్క కూడా కారని కప్పును పీకించాలంటే మాత్రం దార్శనికత కావాలి. మన కథలోని అధినేతకు అది దండిగా ఉండేది.

ఆయన కంపెనీ చిన్నదే. స్కూలు బస్సు ఎంతదాకా వచ్చిందో తల్లిదండ్రుల ఫోనుకు చెప్పే సాఫ్ట్‌వేరు ఒకటి నడిపేది. అది చేసే పని కూడా అంతే. బస్సు వీధి చివరికి వస్తే 'బస్సు మలుపులో ఉంది, పిల్లల్ని పంపండి' అని ఒక ముక్క పంపేది. తల్లులు అది చూసి, రెండో జడకు రిబ్బను కట్టి, మూతి తుడిచి, బూటు లేసు ముడేసి పిల్లల్ని గుమ్మం దాటించేవారు. సాయంత్రం తిరుగు ప్రయాణానికీ అదే పద్ధతి. ఊళ్ళో సగం స్కూళ్ళు దాన్నే వాడేవి. దాన్ని మెచ్చుకున్నవారు మాత్రం ఒక్కరూ లేరు. (కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినందుకు చప్పట్లు కొట్టేవారు ఎవరుంటారు? తర్వాత జరిగినవాటన్నిటికీ ఈ అన్యాయమే మూలం.)

దాన్ని రాసింది ఇంజనీరమ్మ. ఆఫీసులో అందరూ ఆవిడను అలాగే పిలిచేవారు. కంపెనీ ఒక టైలరు దుకాణం మీద అద్దె గదిలో ఉన్నప్పుడు, అధినేతా ఆవిడా ఒకే టేబులుకు చెరోవైపు కూర్చుని పనిచేశారు. ఆవిడకు మాట కటువు, పని శుభ్రం. ఒకసారి రైల్వే గేటు దగ్గర బస్సు ఇరుక్కుపోతే, కూతురు ఇంకా రాలేదని ఓ తల్లి వణుకుతూ ఆఫీసుకే వచ్చింది. ఆవిడను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ పూటే ఇంజనీరమ్మ కొత్త ఏర్పాటు చేసింది: బస్సు కాసేపు కదలకపోతే చాలు, స్కూలుకూ తల్లిదండ్రులకూ కబురు వెళ్ళిపోవాలి. అలా ఒక్కో గండానికీ ఒక్కో అతుకు వేసుకుంటూ పోవడంతో సాఫ్ట్‌వేరు చివరికి అతుకుల బొంతలా తయారైంది. చూడ్డానికి బాగుండదు. చలి మాత్రం ఆగుతుంది.

ఇలా ఉండగా అధినేత బావమరిది అక్కగారింటికి భోజనానికి వచ్చాడు. ఇతను అప్పుడే ఏదో డిజైను కోర్సు ముగించి, తనకు తగిన ఉద్యోగం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదన్న నమ్మకంతో ఖాళీగా ఉన్నాడు. అన్నం కలుపుతూ, ఎడంచేత్తో అక్క ఫోను అందుకున్నాడు.

"బావా, మీ యాప్ ఇదేనా? ఈ ఆకుపచ్చేంటి బావా, ఆస్పత్రి గోడలాగ!"

"పనిచేస్తోంది కదరా," అంది అక్క.

"పనిచెయ్యడం వేరక్కా. అనుభూతి వేరు."

అధినేత చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తన కంపెనీ జనానికి పని మాత్రమే చేసిపెట్టిందని, అనుభూతి అనేది ఒక్కరికి కూడా కలిగించలేదని ఆయనకు ఆ క్షణంలో తెలిసివచ్చింది.

మర్నాడు ఉద్యోగులందరినీ పెద్ద గదిలో సమావేశపరిచాడు. "మొత్తం పడగొట్టేద్దాం. పునాదుల నుంచి కొత్తగా కడదాం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. (ఎందుకో తెలియకుండా చప్పట్లు కొట్టగలగడం ఆ కంపెనీలో ఉద్యోగార్హత.) ఇంజనీరమ్మ ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడున్నదానికి ఏమైంది సార్?"

"ఏం కాలేదమ్మా. అదే కదా సమస్య."

"ఏం చెయ్యలేకపోతోందో చెప్పండి. చేర్చేస్తాను."

"చేర్చడం పాత ఆలోచన."

సమావేశ నివేదికలో ఈ సంభాషణ 'పాత తరం ప్రతినిధి తమ భావోద్వేగాన్ని వ్యక్తం చేశారు' అని నమోదైంది.

బావమరిది 'అనుభూతి ముఖ్యాధికారి'గా నియమితుడయ్యాడు. అతని బృందానికి అద్దాల గది ఇచ్చారు. అందులో కుర్చీలు తీసేసి, కూర్చుంటే మళ్ళీ లేవలేని మెత్తటి సంచులు వేశారు. పాత సాఫ్ట్‌వేరును కొత్త బృందంలో ఎవరూ తెరిచి చూడరాదని ఒక ఉత్తర్వు కూడా వెలువడింది. చూస్తే మనసు కలుషితమవుతుందట. ఇంజనీరమ్మను 'వారసత్వ విభాగాధిపతి'ని చేసి, ప్రింటరు పక్కన కూర్చోబెట్టారు. ఆ విభాగంలో ఆవిడా, ప్రింటరూ ఉండేవారు. ఇద్దరిలో ఎక్కువమంది పలకరించేది ప్రింటరునే.

కొత్త బృందం ముందుగా చేపట్టింది బస్సు బొమ్మ. బస్సు నవ్వాలని అందరూ ఒప్పుకున్నారు. కనురెప్పలు ఉండాలా వద్దా అన్నదగ్గర మాత్రం బృందం రెండుగా చీలిపోయింది. వేసవి అంతా ఆ చర్చ సాగి, చివరకు ఒక కంటికే రెప్ప వేసి రాజీపడ్డారు. అప్పటినుంచీ బస్సు కన్నుకొడుతున్నట్టు కనిపించేది. దీన్ని వారు 'ఆత్మీయత' అన్నారు.

ఒకరోజు ఇంజనీరమ్మ అద్దాల గది తలుపు తోసుకుని వచ్చింది.

"బస్సు దారిలో ఆగిపోతే ఇది ఏం చూపిస్తుంది?"

"ఆగదు మేడమ్," అన్నాడు బావమరిది సంచిలోంచి.

"బస్సు ఆగదా?"

"యాప్‌లో ఆగదు. సిగ్నల్ రాకపోయినా, బస్సు ఆగినా, ఎప్పుడూ వచ్చే స్పీడులో వస్తున్నట్టే చూపిస్తాం. చూసేవాళ్ళకి నెగటివ్ ఫీలింగ్ రాకూడదు కదా."

"అంటే అబద్ధం చెప్తుందన్నమాట."

"అబద్ధం కాదు మేడమ్. అంచనా."

ఆవిడ అక్కణ్ణుంచి తిన్నగా అధినేత గదికి వెళ్ళింది. "కొన్నాళ్ళు పాతదీ కొత్తదీ రెండూ నడపండి సార్. పిల్లలతో వ్యవహారం," అంది. ఆవిడ ఎవరినీ బతిమాలగా ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఆ పూట గొంతులో ఆ ఛాయ వినిపించింది.

"వెనక్కి దారి ఉంటే ఎవడూ ముందుకి నడవడమ్మా," అన్నాడు అధినేత. అన్నాక ఆ మాట తనకే నచ్చి, కాగితం మీద రాసుకున్నాడు.

పాత సాఫ్ట్‌వేరుకు వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. 'సెలవు, పాత మిత్రమా' అని క్రీముతో రాసిన కేకు తెప్పించారు. కేకు ఇంజనీరమ్మ చేత కోయించి, దాన్ని చెరిపే బటను బావమరిది చేత నొక్కించారు. ఉన్న కాపీలన్నిటితో సహా పాతది చెరిగిపోయింది. చప్పట్లు మోగాయి. ఇంజనీరమ్మ చేతికంటిన క్రీము తుడుచుకుని, రాజీనామా ఇచ్చింది. నిబంధన ప్రకారం ఆవిడ ల్యాప్‌టాప్ ఖాళీ చేయించి, కంపెనీకి చెందిన ఒక్క అక్షరం కూడా ఇంటికి పట్టుకెళ్ళడం లేదని సంతకం పెట్టించుకున్నారు.

కొత్త యాప్ వచ్చింది. 'బస్సు మలుపులో ఉంది' అన్న ముతక వాక్యం పోయి, 'మీ ఆనందం మీకు చేరువలో ఉంది' అని రావడం మొదలైంది. పిల్లల్ని పంపమన్నారో, మంచం మీద పడుకుని ధ్యానం చెయ్యమన్నారో తల్లులకు అర్థం కాలేదు. బొమ్మ బస్సు చెరువు మీదుగా, ఇళ్ళ మీదుగా కన్నుకొడుతూ సాగిపోయేది. నిజం బస్సు వీధిలో హారను కొట్టి కొట్టి వెళ్ళిపోయేది. ఫిర్యాదులు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. అధినేత వెంటనే కఠినమైన చర్య తీసుకుని, ఫిర్యాదుల విభాగం పేరును 'ప్రేమలేఖల విభాగం'గా మార్చాడు. ప్రేమలేఖ పంపదలచినవారు ముందుగా తమ మనఃస్థితికి సరిపోయే పువ్వును ఎంచుకోవాలి. కోపానికి పువ్వు లేదు.

వానాకాలం వచ్చింది.

ఆ సాయంత్రం కుండపోత. స్కూలు వదిలాక బయల్దేరిన బస్సు ఒకటి వంతెన కింది పల్లపు రోడ్డులో నీళ్ళలో ఆగిపోయింది. ఇంజను మళ్ళీ పలకలేదు. డ్రైవరు ఫోను తడిసి మూగబోయింది. అతను పిల్లలందర్నీ వెనక సీట్లలోకి ఎక్కించి, తలుపు దగ్గర మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, అటుగా వచ్చే బండి కోసం చూస్తున్నాడు.

యాప్‌లో మాత్రం బస్సు ఆగలేదు. ఎండ కాసే రోజున ఎలా వస్తుందో అలాగే వచ్చింది. ఒక్కో స్టాపుకూ వేళకు చేరుకుంది. గొడుగుల కింద నిలబడ్డ తల్లుల ఫోన్లలో ఒకదాని తర్వాత ఒకటిగా రంగు బుడగలు ఎగిరాయి. 'మీ చిన్నారి క్షేమంగా దిగింది! మాకెన్ని నక్షత్రాలు ఇస్తారు?'

ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది.

ఆ తల్లుల్లో అధినేత భార్య కూడా ఉంది. వాళ్ళ పాప ఆ బస్సులోనే రావాలి. ఆవిడ భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ, పాప ఇంకా రాలేదు."

"దిగిందే! ఇక్కడ చూపిస్తోంది."

"నేను స్టాపులోనే నిలబడ్డాను. అసలు బస్సే రాలేదు."

"నీ ఫోన్‌లో ఏదో తేడా. ఒకసారి రిఫ్రెష్ చెయ్యి."

"దేన్ని రిఫ్రెష్ చెయ్యమంటారు, రోడ్డునా?"

ఆవిడ ఫోను పెట్టేసి నడక మొదలుపెట్టింది. బస్సు వచ్చే దారికి ఎదురుగా, వానలో. పక్క వీధి తల్లి కలిసింది, ఆ పై వీధి నుంచి ఓ తాతగారు, ఓ తండ్రి. ఒక్కో స్టాపు దాటుతున్నకొద్దీ వెనక నడిచేవారు పెరిగారు. వంతెన దగ్గరకు చేరేసరికి నీళ్ళు బస్సు మెట్టు మీదకి ఎక్కి ఉన్నాయి. డ్రైవరు ఒక్కో పిల్లనూ భుజాన వేసుకుని అందిస్తుంటే పెద్దలు వరసగా నిలబడి అందుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. పాప పెదవులు చలికి నల్లబడ్డాయి. ఇంటికి తెచ్చి, తల తుడిచి, దుప్పటి కప్పాక ఒక్క మాట అడిగింది.

"నేను దిగిపోయానని ఎవరు చెప్పారమ్మా?"

తల్లి దుప్పటి అంచు సర్దింది. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి పక్కగదిలోకి వెళ్ళి ఇంజనీరమ్మకు ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

"పిల్లలెలా ఉన్నారు?" అందావిడ.

"మన రేటింగ్ ఒక్కసారిగా పడిపోయిందమ్మా."

"నేనడిగింది పిల్లల గురించి సార్."

"ఆఁ, బాగానే ఉన్నారు. చూడమ్మా, ఆ పాతది నీ దగ్గర ఎక్కడో ఒక కాపీ ఉండే ఉంటుంది..."

"ఉండకూడదని సంతకం పెట్టించుకున్నారు కదా."

"అందరూ పెడతారు. అయినా ఉంచుకుంటారు కదా!"

"నేను సంతకం పెడితే పెట్టినట్టే సార్," అంది ఆవిడ. "డ్రైవరుకి నా నమస్కారం చెప్పండి." (ఆవిడ అప్పటికే లిఫ్టుల కంపెనీలో చేరింది. లిఫ్టు ఏ అంతస్తులో ఉంటే ఆ అంకే కనిపించాలన్న పాతకాలపు పట్టుదల అక్కడివారికి ఇంకా ఉందట.)

అధినేత ఆ రాత్రి భోంచెయ్యలేదు. నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు తెల్లారేదాకా ఉంది. తెల్లారాక బావమరిది వచ్చి ధైర్యం చెప్పాడు.

"బావా, ఒకటి గమనించావా? అంత వానలోనూ మన యాప్ ఒక్క క్షణం ఆగలేదు."

అధినేత ఆలోచించాడు. నిజమే. బస్సు ఆగింది కాని యాప్ ఆగలేదు. ఆయన గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆయన భార్య మాత్రం వంటింట్లోంచే, "ఒరేయ్, కొన్నాళ్ళు నువ్వు మా గుమ్మం తొక్కకు," అని తమ్ముడికి చెప్పింది.

స్కూళ్ళు ఒక్కొక్కటీ మానుకున్నాయి. డ్రైవరు బయల్దేరేటప్పుడు మొదటి ఇంటికి ఫోను చేస్తాడు, ఆ ఇల్లాలు రెండో ఇంటికి చేస్తుంది, ఆవిడ కిటికీలోంచి మూడో ఇంటికి కేకేస్తుంది. ఈ సాంకేతికత ఇంతవరకూ ఎక్కడా విఫలం కాలేదు. చివరి స్కూలు కూడా వెళ్ళిపోయిన నెలలో ప్రేమలేఖల విభాగానికి ఒక్క లేఖ కూడా రాలేదు. ఫిర్యాదుల గీత కొండ దిగినట్టు దిగి నేలను తాకింది. అధినేత ఆ గీతను పెట్టుబడిదారులకు చూపించాడు. ఇంత తక్కువ ఫిర్యాదులున్న కంపెనీని తామెన్నడూ చూడలేదని వారు ముక్కున వేలేసుకున్నారు. ఆ ఏటి ఉత్తమ అనుభూతి పురస్కారం కంపెనీకే దక్కింది. కన్నుకొట్టే ఆ బస్సు బొమ్మను న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా ప్రస్తావించారు.

పురస్కార సభ ఒక పనిరోజు మధ్యాహ్నం జరిగింది. అధినేత శాలువా కప్పుకుని, తల్లిదండ్రుల ఆందోళనను శాశ్వతంగా తొలగించడమే తన జీవితాశయమని గద్గద స్వరంతో చెప్పాడు. జనం లేచి నిలబడ్డారు. బావమరిది అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు.

అధినేత భార్యకు ముందు వరసలో వేసిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. స్కూలు వదిలే వేళ. పాపను తీసుకురావడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి కదా.